నీడను కొలిచిన తరగతి

తార్నాక నుండి ఉప్పల్ వరకు సాగే రహదారి పొడవునా ఎత్తైన ప్రహరీగోడలు కనిపిస్తాయి. వాటి వెనుక నున్నవి సామాన్యమైన కట్టడాలు కావు. 1944లో నాటి హైదరాబాదు సంస్థానం నెలకొల్పిన ప్రయోగశాలల నుండి పెరిగి పెద్దదైన భారత రసాయన సాంకేతిక సంస్థ ఒకటి. 1958లో కూనూరు నుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మరొకటి. 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, దాని చెంతనే సి.సి.ఎం.బి. అని అందరూ పిలిచే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, ఉప్పల్ చేరేసరికి సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయాలు. ఇన్ని విజ్ఞాన సంస్థలు ఇంత చేరువగా కొలువుదీరిన తావులు మన దేశంలో అనేకం లేవు. ఆ గోడల ప్రక్కగానే ప్రతి ఉదయం నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ బస్తీల పిల్లలు పుస్తకాల సంచులు మోసుకొంటూ బడికి వెళతారు. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే కార్మికుల బిడ్డలు వారిలో చాలామంది. ఆ గోడలకు ఈవల, వారి బడిలో, విజ్ఞానశాస్త్రం ఏ రూపంలో ఉన్నది? నల్లబల్ల మీద వ్రాసిన ప్రశ్న, దాని క్రింద వ్రాసిన జవాబు, రెండింటినీ చూచి వ్రాసుకొన్న నోటుపుస్తకం. అంతకు మించి ఉన్న చోట్లు అరుదు.

మన కళాశాలలో తెలుగు చదివేవారూ, ఉర్దూ చదివేవారూ ఒకే వరండాలో నడుస్తున్నారు. పలువురు రేపు ఉపాధ్యాయులు కాబోతున్నారు. కనుక ఈ రెండు భాషలూ ఈ నగరంలో విజ్ఞానానికి చేసిన సేవను ముందుగా స్మరించుకోవడం ఉచితం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు, వారి మిత్రులు హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర గ్రంథాలతో పాటు ప్రకృతి శాస్త్ర గ్రంథాలను కూడా తెలుగువారికి అందించారు. 1917లో ఇక్కడనే ఏర్పడిన దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ, మరుసటి ఏడు ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చింది. కొత్త పారిభాషిక పదాలను వందలకొలదిగా సృష్టించింది. దేశభాషలో ఉన్నత విజ్ఞానం బోధించవచ్చునని ఋజువు చేసిన ఘనత వారిది. అయితే ఈ మహాకార్యాలు రెండూ విజ్ఞానాన్ని గ్రంథరూపంలో తెచ్చినవే. ఎదిగిన విద్యార్థికి గ్రంథం కావాలి. ఏడెనిమిదేళ్ళ పసివానికి మాత్రం గ్రంథం రెండవ వస్తువు. మొదటిది వాని కంటికి కనబడేది, చేతికి అందేది.

ఇక్కడ ఒక భేదం చెప్పవలసి ఉన్నది. ఉపాధ్యాయుడు చేసి చూపేది ప్రదర్శన. పిల్లలు జవాబు తెలియక వెదికేది పరిశోధన. మనం సాధారణంగా మొదటిదాన్ని చేసి రెండవది చేశామని తృప్తిపడతాము. నీళ్ళు పోసిన పళ్ళెంలో కొవ్వొత్తి వెలిగించి, దానిపై గాజుగ్లాసు బోర్లించే ప్రయోగం ఎరుగనివారు లేరు. దీపం ఆరిపోతుంది, గ్లాసులోనికి నీరు ఎగబ్రాకుతుంది. గాలిలో అయిదవ వంతు ఆక్సిజన్ మండిపోయినందున ఆ ఖాళీలోనికి నీరు వచ్చిందని తరతరాలుగా చెబుతున్నాము. ఒక తరగతిలో ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు వెలిగించి చూడండి. నీరు మరింత ఎత్తుకు లేస్తుంది. ఆక్సిజన్ మాత్రం మూడింతలు కాలేదు కదా! కన్నార్పక చూచే పిల్లవాడు ఇంకొక సంగతి కూడా చెబుతాడు: గ్లాసు బోర్లించే సమయంలో అంచున బుడగలు వెలువడినాయనీ, నీరు ఎక్కువగా లేచినది దీపం ఆరిన తరువాతనే అనీ. వేడికి వ్యాకోచించి కొంత గాలి బయటికి పోయింది. మిగిలినది చల్లారి సంకోచించగా నీరు లోనికి వచ్చింది. కార్యమంతటికీ ముఖ్యకారణం అదే. మనం పాఠం చెబుతూ ఉన్నందున మనకు కనబడనిది, చూస్తూ ఉన్నందున వానికి కనబడింది.

ఈ మాట ఇంత ధైర్యంగా వ్రాస్తున్నానంటే, నాకే ఒకసారి గట్టి దెబ్బ తగిలినందువల్ల.

కొన్నేళ్ళ క్రితం నాచారం ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాలలో అయిదవ తరగతి చెప్పేవాణ్ణి. తెలుగు పిల్లలూ, ఉర్దూ ఇంటిభాషగా గల పిల్లలూ కలిసి కూర్చొనేవారు. జూన్ మాసం, బడులు తెరిచిన తొలివారం. తొలకరి మబ్బులు అప్పుడప్పుడు విడి ఎండ కాస్తున్నది. ఆవరణలోని సిమెంటు గచ్చు ప్రక్కన ఒక మీటరు పొడవు గల కర్రను నాటి, నీడ ఎప్పుడు అతి కురుచగా ఉంటుందో కనిపెట్టమన్నాను. పది నిమిషాల కొకసారి నీడ కొనను సుద్దతో గుర్తించాలి. పని చెప్పడానికి ముందే జవాబు కూడా చెప్పేశాను: మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాము గనుక సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, కాబట్టి మధ్యాహ్నపు నీడ ఉత్తరంగా పడుతుంది అని. నేను చదువుకొన్న పుస్తకంలో అట్లే ఉండేది.

గంట గడిచాక ఒక బాలిక వచ్చి నిలబడింది. నీడ అటు పడలేదనీ, ఇటు పడిందనీ చేయి చూపింది. "సాయా" అన్నది, ప్రక్కనున్న పిల్లవాడు "నీడ సార్" అని సర్దాడు. వెళ్ళి చూశాను. నీడ పది సెంటీమీటర్లున్నది. పడినది దక్షిణానికి. నేను క్షణమైనా తడుముకోలేదు. "కర్ర వంకరగా నాటారు" అని తీర్పు చెప్పి లోపలికి వచ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ తీర్పులో కొంత న్యాయం లేకపోలేదు. మీటరు కర్ర ఆరు డిగ్రీలు ఒరిగితే చాలు, అంతమాత్రపు తేడా రాగలదు. తప్పు ఎక్కడంటే, ఒరిగిందో లేదో నేను చూడలేదు.

ఆ బాలిక ఎదురు చెప్పలేదు. మరునాడు సంచిలో నుండి ఒక దారాన్ని, దాని కొసకు కట్టిన ఇనుపగుండును తీసింది. తండ్రి తాపీమేస్త్రీ. గోడ నిలువుగా లేస్తున్నదో లేదో చూసుకొనే పనిముట్టు అది. నలుగురు పిల్లలు కలిసి కర్రకు నాలుగు వైపులా దారం వ్రేలాడదీసి, చిన్న రాళ్ళు దోపి, కర్రను నిట్టనిలువుగా నిలిపారు. పన్నెండుంబావు ప్రాంతంలో నీడ అతి కురుచ అయింది. మళ్ళీ పది సెంటీమీటర్లే. మళ్ళీ దక్షిణానికే.

ఆ సాయంకాలం ఇంటికి వెళ్ళి పటం ముందు వేసుకొని కూర్చున్నాను. ఉప్పల్, నాచారం ప్రాంతం సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. సూర్యుడు జూన్ మాసంలో కర్కాటక రేఖ వరకు, అంటే ఇరవై మూడున్నర డిగ్రీల వరకు పోతాడు. కనుక మే 9 ప్రాంతం నుండి ఆగస్టు 3 ప్రాంతం వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. నీడ దక్షిణానికే పడుతుంది. నడినెత్తి మీదకు వచ్చి నీడ లేకుండా చేసేది ఏడాదిలో ఆ రెండు దినాలే. నేను చదివిన వాక్యం కర్కాటక రేఖకు ఉత్తరాన, ఢిల్లీలోనో లండనులోనో ఉన్నవారి విషయంలో సత్యం. హైదరాబాదు పిల్లలకు ఏడాదిలో దాదాపు మూడు మాసాలు అది అసత్యం. బడి తెరిచే జూన్ మాసం సరిగ్గా ఆ మూడు మాసాల నడుమనే వస్తుంది. ఇన్నేళ్ళుగా ఏ జూన్‌లోనూ నేను బయటికి వెళ్ళి చూడలేదని తెలుసుకొని సిగ్గుపడ్డాను.

మరునాడు తరగతిలో ఆ మాట ఉన్నదున్నట్లు చెప్పాను. చెప్పడం సులభమేమీ కాలేదు. మేష్టారు ఓడిపోయాడని పిల్లలు కేరింతలు కొట్టగలరని భయపడ్డాను. ఎవరూ కొట్టలేదు. "అయితే ఎప్పుడు తిరుగుతుంది సార్?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు పట్టికలో చూసి చెప్పగలిగి ఉండి కూడా ఈసారి నోరు మూసుకొన్నాను. ప్రతి శనివారం కొలుద్దామని వారే నిర్ణయించారు.

ఆ ఏడు వారు కనుగొన్నవి ఎన్నో. నీడ అతి కురుచ అయ్యేది గడియారంలో పన్నెండు గంటలకు కాదన్నది మొదటిది. మన దేశపు గడియారమంతా ఎనభై రెండున్నర డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. మనమో డెబ్బై ఎనిమిదిన్నర దగ్గర ఉన్నాము. నాలుగు డిగ్రీల తేడాకు, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, పదహారు నిమిషాలు సూర్యుడు మనకు ఆలస్యం. అదీ ఏడాది పొడవునా స్థిరం కాదు. నవంబరు తొలివారంలో ఇంచుమించు పన్నెండు గంటలకే మిట్టమధ్యాహ్నం వస్తే, ఫిబ్రవరి నడుమ పన్నెండున్నర అయ్యింది. ఎందుకని పిల్లలు అడిగితే, భూమి సూర్యుని చుట్టూ ఒకే వేగంతో తిరగదనీ, దాని అక్షం వాలి ఉన్నదనీ చెప్పి, మిగిలినది పై తరగతులకు వదిలాను. సెప్టెంబరు చివరి వారానికి నీడ ఉత్తరాన ముప్పై సెంటీమీటర్లు దాటింది. డిసెంబరు మూడవ వారంలో ఎనభై ఆరు. పిల్లలు ఆ గీత మీద అడుగులో అడుగు వేసుకొంటూ నడిచి, సూర్యుడు ఎంత దూరం పోయాడో అని ఆశ్చర్యపడేవారు. ఒక సంగతి మాత్రం ఇక్కడ హెచ్చరికగా వ్రాస్తున్నాను: నీడనే చూడాలి గాని సూర్యుని ఎన్నడూ నేరుగా చూడరాదని ప్రతిసారీ చెప్పి తీరాలి. దీని ఖర్చు ఒక కర్ర, ఒక దారం, సుద్దముక్క.

ఇది అయిదవ తరగతి మాట. రెండు, మూడు తరగతుల పసివారికి ఇంత దీర్ఘకాలం ఓపిక ఉండదు. వారికి పెసలు మేలు. నాలుగు గిన్నెలు తీసుకొని, ఒకదానిలో పొడి పెసలు, రెండవదానిలో తడిబట్ట మీద వెలుతురులో, మూడవదానిలో తడిబట్ట మీద బీరువాలో చీకటిలో, నాలుగవదానిలో నిండా నీళ్ళలో ముంచి ఉంచాలి. ఉంచే ముందే ఏది మొలుస్తుందో చేతులెత్తించి, లెక్క నల్లబల్ల మీద వ్రాయాలి. ఈ లెక్క వ్రాయడమే ప్రాణం. మాట ఇచ్చినవాడు ఫలితం కోసం ఎదురుచూస్తాడు. చీకటిలో మొలవవని దాదాపు అందరూ అంటారు. మొలుస్తాయి. అంతేకాదు, అయిదారు రోజులకు చీకటివే పొడవుగా సాగి, పాలిపోయి నిలబడతాయి. "చీకటివే బలమైనవి" అని అప్పుడొక పిల్లవాడు అంటాడు. ఆ మాటను అక్కడే ఖండించకూడదు. రెండు గిన్నెలనూ కిటికీలో ప్రక్కప్రక్కన పెట్టించి, నాలుగు రోజులు ఆగమనాలి. తూలిపోయేవి ఏవో, నిలిచేవి ఏవో వారే చూస్తారు. నీళ్ళలో మునిగినవి కుళ్ళి కంపు కొట్టినప్పుడు గింజకు కూడా గాలి కావాలన్న మాట ఎవరో ఒకరి నోట తప్పక వెలువడుతుంది. అది వారి మాట గనుక మరువరు.

మరొకటి. మన చుట్టూ ఉన్న రాళ్ళు. నాచారానికి ఆనుకొని మౌలాలీ గుట్ట ఉన్నది. ఆ రాతి వయస్సు సుమారు రెండువందల యాభై కోట్ల సంవత్సరాలు. పిల్లలకు ఆ అంకె చెప్పి ప్రయోజనం లేదు. మనకే అది ఊహకందదు. పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి వారి చేతికిస్తే చాలు. ఇసుకలో త్రిప్పగానే నల్లని రేణువులు మీసాలవలె నిక్కి అంటుకొంటాయి. మా తరగతిలో పెద్ద వివాదం లేచింది. అది కార్ఖానాల నుండి ఎగిరివచ్చిన ఇనుప రజనని కొందరు వాదించారు. లేతు మిషను పని చేసే తండ్రులు గల పిల్లలకు ఆ రజను బాగా పరిచితం. కాదు, రాతిలోనిదే అన్నారు మరి కొందరు. తేల్చడమెట్లా? రాయిని పగులగొట్టి చూడాలన్నారు. సుత్తి తెచ్చేలోగా ఒక చిన్నవాడు అడ్డు తగిలాడు: సుత్తి ఇనుమే కదా, దాని పొడి పడితే? ఎనిమిదేళ్ళవాని ఈ ఆక్షేపణ విని, పరిశోధనాలయాలలో దీన్నే ఎంత శ్రమపడి నేర్పుతారో తలచుకొన్నాను. చివరకు రెండు రాళ్ళను ఒకదానితో ఒకటి అరగదీసి, కాగితం మీద పడిన పొడిపై అయస్కాంతాన్ని త్రిప్పారు. కొన్ని నల్లని రేణువులు లేచి అంటుకొన్నాయి. కార్ఖానా పక్షం వారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. బడి కిటికీ అంచున పేరుకొన్న దుమ్మును కూడా పరీక్షించాలన్నారు. పరీక్షించారు; దానిలోనూ అంటుకొన్నాయి! వివాదం నేటికీ తీరలేదనే చెప్పాలి.

నలభైమంది పిల్లలు, సిలబస్సు, పరీక్షలు, వీటి నడుమ ఇవన్నీ సాగుతాయా అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు పదహారు పాఠశాలలలో ఇటువంటి బోధన ఆరంభించాయి. అది ముప్పై ఏళ్ళు నడిచి, వందల బడులకు వ్యాపించి, 2002లో ప్రభుత్వ నిర్ణయంతో నిలిచిపోయింది. వారు చేసిన సాహసాలలో నాకు అన్నింటికన్న గొప్పగా తోచేది పరీక్షను మార్చడం. పుస్తకం తెరిచి వ్రాయనిచ్చారు. చేతితో చేసే పరీక్ష పెట్టారు. పరీక్ష మారనంత కాలం ప్రయోగం తీరిక వేళ ముచ్చటగానే మిగులుతుందని వారు గ్రహించారు. మన రాష్ట్రాలలో జన విజ్ఞాన వేదిక, దాని చెకుముకి పత్రిక బాలలలో ఈ అభిరుచిని పెంచుతున్నాయి. తరగతి గదిలో మాత్రం గడియ అరగడియ సమయం దొంగిలించక తప్పదు. నేనూ దొంగిలించాను. గణితం గంటలో నీడను కొలిపించి పట్టిక వేయించాను. భాష గంటలో పెసల దినచర్య వ్రాయించాను. తెలుగు పిల్లలు తెలుగులో, ఉర్దూ పిల్లలు ఉర్దూలో వ్రాశారు. చూచినదాన్ని చెప్పడానికి ఇంటిభాషలో ఏ పసివానికీ మాటలు కొరవడవని అప్పుడు తెలిసింది.

అడ్డంకి ఎక్కువగా సమయం కాదు, భయం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు, మన నగరానికి సమీపంలోనే జపాల్-రంగాపూర్‌లోని ఉస్మానియా నక్షత్రశాలలో శాస్త్రజ్ఞులు పరికరాలు అమర్చుకొని వేచి ఉన్నారు. అదే వేళ ఎన్నో ఇండ్లలో తలుపులు మూసి పిల్లలను లోపల కూర్చోబెట్టారు. ఆకాశం వైపు చూడకుండానే, వేపచెట్టు నీడలో ఆకుల సందుల నుండి పడే వెలుగుచుక్కలన్నీ నెలవంకలుగా మారడం చూపించి ఉండవచ్చును. కంటికి అపాయం లేని వేడుక అది. చూపే పెద్దలు కరవయ్యారు.

మళ్ళీ మా కర్ర వద్దకు వస్తాను. ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాటికి ఏడాది కొలతలనన్నింటినీ పెద్ద అట్ట మీద ఎక్కించి గోడకు తగిలించాలనుకొన్నాము. ఎడమ నుండి తెలుగు, కుడి నుండి ఉర్దూ, నడుమ అంకెలు. అన్ని గళ్ళూ నిండినాయి, ఒక్కటి తప్ప. ఆగస్టు 3, నీడ మాయం కావలసిన రోజు. వారంతో నిమిత్తం లేకుండా ఆ రోజు కొరకు పిల్లలు నెల రోజులు ఎదురుచూశారు. ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఎండ పొడ చూపలేదు. అంతకు ముందరి కొలతలో నీడ దక్షిణాన ఉన్నది, తరువాతి కొలతలో ఉత్తరాన ఉన్నది. నడుమ సున్న వచ్చిందని లెక్క చెబుతూనే ఉన్నది. చూసేవారికి అందంగా ఉంటుందని, ఆ గడిలో సున్న వేయమని నేనే అన్నాను.

గుండు దారం తెచ్చిన ఆ బాలిక కలం పట్టుకొని కొంతసేపు ఆగింది. "మనం చూడలేదు కదా సార్" అన్నది.

గడిలో ఒక ప్రక్క 'మబ్బు' అనీ, మరొక ప్రక్క 'బాదల్' అనీ వ్రాశారు. అట్టను అట్లే తగిలించాము.